పామిడిముక్కల పట్టింపులు

మాది పామిడిముక్కల. ఉయ్యూరుకు దిగువన, కూచిపూడికి ఎగువన, చుట్టూ వరి, చెరకు, మినుము పండే నల్లరేగడి నేల. 1985లో మండలాలు వచ్చాక మా ఊరి పేరుతోనే ఒక మండలం ఏర్పడింది. నేను చెప్పబోయే రోజులు అంతకు ముందువి. చదువుకున్న పుస్తకాల్లో నాకు మహానుభావులు చాలామందే పరిచయమయ్యారు. అయినా జీవితంలో ఏదన్నా గట్టిగా తేల్చుకోవలసి వచ్చినప్పుడు నా కళ్ల ముందు నిలబడేది వేరేవాళ్లు. కాలవ గట్టున ఖాకీ నిక్కరుతో తిరుగుతూ నీటి తలుపులు కాసిన లస్కరు, కూలి గింజలు కొలిచే నాయనమ్మ, ఎలిమెంటరీ బడి మేష్టారు, దళితుల పల్లెలో ఉండే మంత్రసాని. దేవుడి విషయంలో వాళ్లలో వాళ్లకు పొసగదు. ఒక్కొక్కరికి ఒక్కో పట్టింపు. దాన్ని వాళ్లు ఎవరికీ బోధించలేదు, అడిగితే తప్ప చెప్పలేదు.

డెల్టా అనగానే నీళ్లకు కొదవలేని సీమ అనుకుంటారు బయటివాళ్లు. నీళ్లున్న మాట నిజమే. బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1855లో పూర్తయింది. దాన్నుంచి కాలవలు బందరు దాకా, దివి దాకా పోయాయి. కాని కాలవ నీళ్లకో వరస ఉంది. ముందు ఎగువ ఊళ్లు, తర్వాత నడుమ ఊళ్లు, అన్నిటికన్నా ఆఖరున శివారు భూములు. ఎగువన ఒకడు రాత్రిపూట తూము తలుపు నాలుగు వేళ్లు ఎక్కువ ఎత్తితే, ఎక్కడో సముద్రం దాపున ఇంకొకడి ఆకుమడి ఎండిపోతుంది. ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు ఎన్నడూ చూసి ఉండరు. మా మండలంలో ఒక ఊరి పేరే వీరంకిలాకు. కాలవ నీళ్లను తలుపులతో ఆపి వదిలే లాకు మా దగ్గర ఊరి పేరులోకే వచ్చేసిందంటే మా బతుకులు దాని చుట్టూ ఎంత తిరిగేవో చూడండి.

వేసవిలో కాలవలు కట్టేసేవాళ్లు. అడుగున మట్టి నెర్రెలిచ్చేది. గుంటల్లో మిగిలిన చేపల కోసం కొంగలూ పిల్లలమూ ఒకే చోట చేరేవాళ్లం. తొలకరిలో బ్యారేజి దగ్గర నీళ్లొదిలారని రేడియోలో వినపడ్డాక ఊళ్లో ఎవరికీ నిద్ర ఉండేది కాదు. ఎండుటాకుల్నీ నురగనూ ముందుకు తోసుకుంటూ మట్టిరంగు నీళ్లు వచ్చేవి. ఆడవాళ్లు గట్టు మీదికి వచ్చి పసుపు కుంకుమలు జల్లి దణ్ణం పెట్టేవాళ్లు. లస్కరు తాత మాత్రం దణ్ణం పెట్టేవాడు కాదు. అంతకుముందే తెల్లవారుజామున ఒక్కడే వెళ్లి తలుపుల మరలకు గ్రీజు పూసి, నాచు గీకి, గట్టుకు ఎలక బొక్కలున్నాయేమో కాలితో తొక్కి చూసుకుని వచ్చి ఉండేవాడు. ఆయన పూజ అదే.

1952లో పాత ఆనకట్టకు గండి పడింది. కొత్త బ్యారేజి వచ్చింది 1957లో. గండి పడినప్పుడు తాత కుర్రవాడు. చేతికొచ్చే చేలకు నీళ్లు అందకపోతే మనుషుల మొహాలు ఎట్లా మారతాయో అప్పుడు చూశాడట. ఆ తర్వాత ఆయనకు నీటి దగ్గర చుట్టరికం, మొహమాటం లేకుండా పోయాయి.

ఒకసారి, వరి పొట్ట మీదున్న రోజులు. నీళ్లు వంతులవారీగా ఇస్తున్నారు. మా వీధిలోని ఒక మోతుబరి రాత్రి లాంతరు పట్టుకుని లాకు దగ్గరికి వెళ్లి, తలుపు ఎత్తితే బస్తా ధాన్యం ఇంటికి పంపిస్తానన్నాడట. తాత ఇట్లా జవాబు చెప్పాడట. “ఈ నీళ్లు మీయీ కాదు, నాయీ కాదండి. కిందోళ్లయి. వాళ్ల చేను ఎండగొట్టి తెచ్చిన బియ్యం నా పిల్లలకెట్టా వండిపెట్టమంటారు?” పొద్దున ఆ మోతుబరి ఎదురైతే మామూలుగానే నమస్కారం పెట్టి పక్కకు తప్పుకున్నాడు. పైవాళ్లకు చెప్పలేదు, నలుగురిలో పెట్టలేదు. తలుపు ఎత్తకపోవడం ఎంత ముఖ్యమో, అడిగినవాడి పరువు తీయకపోవడం కూడా ఆయనకంతే ముఖ్యం.

అంతకన్నా నాకు గట్టిగా పట్టుకున్నది ఇంకొకటి. ఒక ఏడాది ఎవరో రాత్రికి రాత్రి తలుపు విరగ్గొట్టి నీళ్లు మళ్లించుకున్నారు. తాత తెల్లవారగానే సైకిలెక్కి గట్టు వెంబడి దిగువ ఊళ్లకు వెళ్లాడు. వంతు నీళ్లు రెండ్రోజులు ఆలస్యమవుతాయని వాళ్లకు స్వయంగా చెప్పి, వాళ్లు నానా మాటలూ అంటుంటే రావిచెట్టు కింద కూచుని విని, పొద్దు వాలాక తిరిగొచ్చాడు. నువ్వెందుకు పోయావు, తప్పు నీది కాదుగా అని మా నాన్న అడిగితే ఆయనన్నాడు: “చేలు ఎండుతున్నయ్యి గదండీ. తిట్టుకోటానికైనా వాళ్లకో మనిషి కనపడాలి.” ఉద్యోగంలో నా పైవాళ్లు చేసిన పొరపాటుకు నేను జనం ముందు నిలబడవలసి వచ్చిన రోజుల్లో, మొహం చాటేయడానికి సవాలక్ష దారులు కనిపించేవి. ఆ సైకిలు గుర్తొచ్చి కుర్చీలోంచి లేచి బయటికి వెళ్లేవాణ్ణి.

సంక్రాంతి ముందు మా ఊరి గాలికి ఒక తీపి వాసన ఉండేది. 1941 నుంచి ఉయ్యూరులో కేసీపీ వారి చక్కెర ఫ్యాక్టరీ ఉంది. రాత్రిళ్లు చెరకు బళ్లు బారులు తీరి అటు పోతుంటే గంటల చప్పుడు తెల్లవార్లూ వినపడేది. కొంత చెరకు మాత్రం ఊళ్లోనే గానుగాడించి బెల్లం వండేవాళ్లు. గానుగ దగ్గరికి వచ్చినవాడు ఎవరైనా సరే, చెంబుడు రసం, ఆకులో వేడి పాకం పెట్టకుండా పంపకూడదు. బెల్లం వండే ఆయన ఈ విషయంలో యజమాని మాట కూడా వినేవాడు కాదు. గట్టు తగాదాలో ఏళ్ల తరబడి కోర్టులకు తిరుగుతున్న ఇద్దరు దాయాదులు ఉండేవాళ్లు మా ఊళ్లో. ఒకరి గానుగ ఆడుతుంటే రెండో ఆయన ఆ దారిన వెళ్తూ ఆగాడు. వండే ఆయన ఎవరి మొహమూ చూడకుండా ఆకు కోసి పాకం వేసి అందించాడు. యజమాని మాట్లాడలేదు. వ్యాజ్యం దానివల్ల ఆగలేదు, అది తర్వాత కూడా నడిచింది. అయినా ఆ సాయంత్రం ఆ ఇద్దరూ పొయ్యికి చెరో వైపు కూచుని ఉండటం నేను చూశాను.

కూచిపూడి నుంచి మా ఊరికి పనిమీద వచ్చిపోయే గుమాస్తా ఒకాయన ఉండేవాడు. బక్కపల్చని మనిషి, చంకలో ఎప్పుడూ కాగితాల కట్ట. పడుచుతనంలో ఆయన ఒక్క రాత్రి సత్యభామ వేషం కట్టాడని తెలిసి పిల్లలమంతా ఆశ్చర్యపోయాం. ఆ ఊరి నాట్య కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగవాడూ జన్మలో ఒక్కసారైనా భామ వేషం కట్టాలని సిద్ధేంద్రయోగి మాట తీసుకున్నాడని వాళ్ల నమ్మకం. ఆయనకు ఆట పెద్దగా రాదు, పేరు తెచ్చుకోవాలన్న కోరికా లేదు. తాతలు ఇచ్చిన మాట తన దగ్గర తెగిపోకూడదు, అంతే. ఆ ఒక్క రాత్రి కోసం ఏడాదిపాటు అభ్యాసం చేశాడట.

మా నాయనమ్మ సంగతికొస్తాను. ఏకాదశి ఉపవాసాలు, తులసికోట, కార్తీకంలో దీపాలు, ఏటా మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి దర్శనం. వీటన్నిటికన్నా ఆమె భక్తి నాకు బాగా కనిపించింది కుంచం దగ్గర. కోతలప్పుడు కూలి గింజలు పాలేరు చేత కొలిపించేది కాదు. తానే పీట వేసుకుని కూచునేది. మొదటి కుంచాన్ని ఒకటి అనకుండా “లాభం” అనేది, అందరిలాగే. కాని ఆ లాభం కుంచం మీద గింజలు శిఖరంలా నిలబడి జారుతుండేవి. ఆ జారిన గింజలు కూడా కూలివాళ్ల చెంగులోనే పడాలి. ధాన్యం మనకు వచ్చేటప్పుడు చేత్తో చదును చేసినా ఊరుకునేది. మన దగ్గర్నుంచి పోయేటప్పుడు కుంచం మీద చెయ్యి ఆడితే ఒప్పుకునేది కాదు. “కొలతలో కోత పెట్టిన ఇంట గాదె నిండదురా” అనేది. అది నిజమో కాదో నేను చెప్పలేను. మా గాదె ఎండిపోయిన ఏళ్లున్నాయి, కోతలు పెట్టినవాళ్ల గాదెలు నిండిన ఏళ్లూ ఉన్నాయి. ఆమె అవి చూడలేదని కాదు. చూసి కూడా తన కొలత మార్చుకోలేదు.

మేష్టారిది వేరే దారి. ఆయన దేవుణ్ణి నమ్మడు. అది ఆయనకు ముదునూరులో అబ్బింది. ఉయ్యూరు పక్కన ఉన్న ఆ ఊరి పేరు ఇవాళ ఎందరికి తెలుసో గాని, గోరా అని పిలుచుకునే గోపరాజు రామచంద్రరావు గారు 1940లో నాస్తిక కేంద్రం పెట్టింది అక్కడే. ఆయన వృక్షశాస్త్రం చెప్పిన లెక్చరరు. దేవుడు లేడని బాహాటంగా అన్నందుకు కాకినాడలో ఒకసారి, బందరులో ఒకసారి ఉద్యోగం కోల్పోయారు. అప్పుడు ముదునూరు వాళ్లు రమ్మని పిలిచారు. భార్య సరస్వతి గారితో, పిల్లలతో వచ్చి రాత్రి బళ్లు పెట్టారు, కులాలు కలిసి కూచునే సహపంక్తి భోజనాలు జరిపించారు. 1947లో కేంద్రం బెజవాడకు మారింది. ఈ కథలో గోరాగారి ధైర్యం గురించి అందరూ చెబుతారు, చెప్పవలసిందే. నాకు మాత్రం ఆ పిలిచిన రైతుల మీద గొప్ప గౌరవం. ఊరి నడుమ గుడి పెట్టుకుని, దేవుడు లేడనే మనిషికి చోటు ఇవ్వడానికి ఎంత గుండె ఉండాలి!

మా మేష్టారు కుర్రతనంలో సైకిలు మీద ముదునూరు వెళ్లి ఆ సభలు విన్నాడు, ఆ పంక్తిలో కూచుని తిన్నాడు. తిరిగొచ్చాక ఇంట్లో జరిగిన గొడవ గురించి ఎప్పుడూ చెప్పేవాడు కాదు. గోరాగారి పెద్దమ్మాయి మనోరమ పెళ్లి కథ మాత్రం ప్రతి తరగతికీ చెప్పేవాడు. వరుడు అర్జునరావు దళితుడు. ఆ పెళ్లి సేవాగ్రాంలో జరిపించడానికి గాంధీ ఒప్పుకున్నారు. ప్రమాణాల్లో దేవుడి పేరు తీసి సత్యం పేరు పెట్టడానికీ ఒప్పుకున్నారు. 1948 జనవరి 30న ఆయన హత్య జరిగింది. మార్చిలో పెళ్లి సేవాగ్రాంలోనే జరిగింది. ఇంతవరకు చెప్పి మేష్టారు ఒక్క నిమిషం ఆగేవాడు. “జీవితమంతా రామనామం చేసిన మనిషిరా ఆయన. ఎదుటివాడి నమ్మకం కోసం ఆ పేరు పక్కన పెట్టడానికి సిద్ధపడ్డాడు.” దాన్ని నాస్తికుల గెలుపుగా ఆయన ఎన్నడూ చెప్పలేదు.

బళ్లో మధ్యాహ్నం కేర్ సంస్థ వాళ్లు ఇచ్చే గోధుమ రవ్వతో ఉప్మా వండేవాళ్లు. ఆ రవ్వ చాలాచోట్ల దారి తప్పేదని ఊళ్లలో అందరికీ తెలుసు. మా బడి నల్లబల్ల మీద ఒక మూల సుద్దతో ఎప్పుడూ మూడు అంకెలు ఉండేవి: నిన్న మిగిలింది, ఇవాళ వండింది, ఇప్పుడున్నది. ఎవరూ అడగకపోయినా రోజూ రాసేవాడు. మా నాయనమ్మ ఒకసారి, మీరు తింటారని ఎవరనుకుంటారండీ మేష్టారూ, ఎందుకా రాతలు అంది. ఆయన నవ్వాడు. “మీకైతే పైన చూసేవాడు ఉన్నాడమ్మా. నాకు లేడు. అందుకని పిల్లల్ని చూడమంటున్నాను.”

ఈ ఇద్దరూ ఒకరినొకరు ఎట్లా చూసుకునేవాళ్లో 1980 ఫిబ్రవరి 16న తెలిసింది. ఆ శనివారం సూర్యగ్రహణం. హైదరాబాదుకు దగ్గరున్న రంగాపూర్ అబ్జర్వేటరీ దగ్గర సంపూర్ణంగా పట్టింది. మాకు సంపూర్ణం కాకపోయినా పట్టపగలు వెలుగు పలచబడిపోయింది. వీధుల్లో మనిషి లేడు. నాయనమ్మ పొద్దున్నే వంటిల్లు సర్ది, పచ్చడి జాడీల మీద దర్భలు వేసి, నన్ను గదిలో కూచోబెట్టింది. మేష్టారు బడి దగ్గర అట్టకు గుండుసూదితో బొక్క పెట్టి, గోడ మీద పడే సూర్యబింబం తరిగిపోవడం వచ్చిన పిల్లలకు చూపిస్తానని ముందురోజే చెప్పాడు. నేను నాయనమ్మ మొహం చూశాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, “మేష్టారి దగ్గరికైతే వెళ్లు. ఆకాశం వంక చూడనని ఒట్టు పెట్టు” అంది. వెళ్లాను. గోడ మీద నెలవంకలా మారిన సూర్యుణ్ణి చూశాను. సాయంత్రం విడుపు స్నానాలయ్యాక ఆమె మడితో వండి, మేష్టారింటికి కేరేజీ పంపింది. ఆయన భార్య ఆ వారం పుట్టింట్లో ఉందని ఆమెకు తెలుసు. నేను పట్టుకెళ్లాను. ఆయన అప్పటిదాకా ఏమీ తినలేదు. గ్రహణంలో తినకూడదని ఆయనకు లేదుగా అని అడిగాను. “పిల్లల్ని నమ్మి పంపారురా మీ వాళ్లు. ఇళ్ల దగ్గర వాళ్లు పస్తుంటే వాళ్ల పిల్లల ముందు నేను తినడం బాగుంటుందా?” అన్నాడు. ఇంత చదివాను, ఇన్ని ఊళ్లు తిరిగాను. భిన్నాభిప్రాయం గురించి ఇంతకన్నా మంచి పాఠం నాకు ఎక్కడా దొరకలేదు.

అంతకు రెండేళ్ల ముందు, 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన. మాకు గాలివాన దెబ్బే. పాకలు లేచిపోయాయి, చెట్లు కూలాయి, కోతకొచ్చిన వరి నేలకరిచింది. దిగువన సముద్రం మీదికొచ్చిందన్న కబురు తర్వాత వచ్చింది. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్ల పేర్లు అప్పుడే మొదటిసారి విన్నాను, అక్కడ ఊళ్లు లేవన్న వార్తతో కలిపి. చనిపోయినవాళ్లు అధికార లెక్కల్లోనే 10 వేలమంది దాకా. మా ఊళ్లో ఎవరూ ఎవరినీ అడగలేదు. బడి ఆవరణలో గాడిపొయ్యిలు తవ్వారు. నాయనమ్మ గాదె అడుగు బియ్యం తీసింది. లస్కరు తాత కట్టెలు మోశాడు. పులిహోర పొట్లాలు కట్టి చల్లపల్లి, మోపిదేవి మీదుగా పులిగడ్డ వైపు వెళ్లే లారీలకెక్కించారు. అగ్రహారం ఆడవాళ్లు, పల్లె ఆడవాళ్లు ఒకే చాప మీద కూచుని విస్తరాకులు చుట్టారు. ఎవరి చేతి అన్నమని ఆ నాలుగు రోజులు ఎవరూ అడగలేదు. అయిదో రోజున చాపలు చుట్టేశారు. ఊరు మళ్లీ మామూలైంది.

ఆ మామూలు ఏమిటో చెప్పకుండా మా ఊరివాళ్ల మంచి చెప్పడం న్యాయం కాదు. మా ఇంట్లో నేను, నా చెల్లెళ్లు, మా పెదనాన్న పిల్లలు అందరం ఒకే మంత్రసాని చేతుల్లో పడ్డాం. ఆమె క్రైస్తవురాలు. కాన్పు గది గడప దగ్గర ఆగి, కళ్లు మూసుకుని యేసయ్యకు ప్రార్థన చేసుకుని లోపలికి వచ్చేదట. లోపల నాయనమ్మ తన దేవుడి ముందు దీపం పెట్టుకుని, ఆ ప్రార్థన అయిందాకా తలుపు పట్టుకుని నిలబడేదట. బిడ్డ ఏడో రోజు దాటిందాకా ఆమె డబ్బు ముట్టదు. బిడ్డ దక్కకపోతే అసలే ముట్టదు. అదే మనిషి పురుడు పోసి బయటికొస్తే అరుగు కిందే కూచోవాలి. కాఫీ ఇస్తే చూరులో దోపి ఉంచిన గ్లాసులో. కుంచం మీద చెయ్యి ఆడనివ్వని మా నాయనమ్మ ఇంట్లోనే ఆ గ్లాసు ఉండేది. దాన్ని నేను దాచను. ఆమె మీద నాకున్న ప్రేమ దానివల్ల తగ్గలేదు, ఆ గ్లాసు మాత్రం నా మనసులోంచి పోలేదు.

మంత్రసాని ఆ గ్లాసులో ఎప్పుడూ తాగలేదు. “పురుటింట్లో నేను నీళ్లు ముట్టనమ్మా, నాకు పట్టింపు” అనేది. ఊళ్లో అందరూ అదేదో వాళ్ల ఆచారమనుకున్నారు.

చాలా ఏళ్ల తర్వాత ఊరెళ్లినప్పుడు ఆమె ఇంటికి వెళ్లాను. అప్పటికి కాన్పులన్నీ ఆసుపత్రులకు మారిపోయాయి. మా చిన్నప్పుడు అయిదేళ్ల పిల్లలు కూడా ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు. నేను అమ్మమ్మా అని పిలిస్తే నా మొహం తడిమి చూసింది. స్టీలు గ్లాసులో టీ ఇచ్చి, తానూ అలాంటి గ్లాసులోనే పోసుకుని తాగింది. అప్పుడడిగాను, ఆ పట్టింపు ఎక్కడిదని.

“పట్టింపా పాడా! ఆ గ్లాసులో తాగితే, నాకు అదే తగునని నేనే ఒప్పుకున్నట్టు కాదూ? మాట అంటే పని పోద్ది. తాగకపోతే ఎవురేం చేస్తారు?”

“మరి అంత కష్టంగా ఉన్నప్పుడు మా ఇళ్లకు ఎందుకొచ్చేదానివి?”

“లోపల పిల్ల కేకలేస్తుంటే గ్లాసు గుర్తుంటదా బాబూ? బిడ్డ బయట పడి ఏడ్చిందాకా అది ఎవరి బిడ్డో నాకు లెక్క లేదు. దేవుడు నా చేతికిచ్చింది చేతులు శుభ్రంగా ఉంచుకోమనే.”

నాయనమ్మతో ఈ మాట ఎప్పుడన్నా అన్నావా అని అడిగాను. లేదంది. మీ నాయనమ్మ నిండు కొలత కొలిచే మనిషి, అడిగుంటే చెప్పేదాన్నేమో, ఆమె అడగలేదు అంది.

ఇదంతా రాసుకుంటానని చెప్పాను. కాసేపు ఆలోచించింది.

“రాసుకో. పేరు మాత్రం రాయబాక. నేనొక్కదాన్నే అట్టా ఉన్నానను­కుంటారు. మా అమ్మా తాగలా, మా మేనత్తా తాగలా. ఇంకా ఎందరో.”